మార్చింది ఎవరు? పాత రివాల్వర్‌ను చదివే పద్ధతి

(పాత వస్తువుల సేకరణపై ఆసక్తి ఉన్నవారి సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తెర మీద చూపిన ఫోటోల ప్రస్తావనలను అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట. ఈ రోజు నేను ఇక్కడికి ఏ తుపాకీ తీసుకురాలేదు. తెర మీద కనిపించేవన్నీ ఫోటోలే. రెండో వరుసలో ఉన్న పెద్దాయన ముఖం అప్పుడే చిన్నబోయింది. మన్నించాలి సార్. నేను ఉండేది టెక్సాస్‌లో. అక్కడ పాత తుపాకులు సేకరించడం చాలామందికి ఉన్న వ్యాపకమే. ఇక్కడి చట్టం వేరు, ఆ సంగతి చివర్లో చెబుతాను.

మీలో నాణేల వాళ్లున్నారు, గడియారాల వాళ్లున్నారు, పాత కెమెరాల వాళ్లున్నారు. వస్తువు ఏదైనా చేతికి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఇది ఒరిజినలేనా?" అవునంటే కళ్లకద్దుకుంటాం, కాదంటే పక్కన పెట్టేస్తాం. పాత రివాల్వర్ల దగ్గర ఈ ప్రశ్న పెద్దగా పనిచేయదు. ఎందుకంటారా? నూట యాభై ఏళ్ల కిందటి యంత్రం అది. పేలింది, కిందపడింది, వానలో తడిసింది, గుర్రపు జీను పక్కన ఒరలో వేల మైళ్లు తిరిగింది. అందులో ఒక్క స్క్రూ కూడా మారలేదని ఎవరైనా అంటే నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది. అందుకని నేను అడిగేది వేరు. ఏ భాగం మారింది? మార్చింది ఎవరు? ఎప్పుడు? ఎందుకు? వీటికి జవాబు దొరికితే ధర సంగతి దానంతట అదే తేలుతుంది.

సరే, మాటలతో కాకుండా ఒక రివాల్వర్‌ను పట్టుకుని మాట్లాడుకుందాం. తెర మీద ఉన్నది కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. మీకు కొత్తది కాదు, కౌబాయ్ సినిమాలన్నింటిలో నడుముకు వేలాడేది ఇదే. మన తెలుగు కౌబాయ్ సినిమాల్లో కూడా దీని నకళ్లే. 1873లో అమెరికా సైన్యం దీన్ని తీసుకుంది. తయారైంది కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో. ఆరు తూటాలు పడతాయి. 1873 నుంచి రెండో ప్రపంచ యుద్ధం తొలినాళ్ల దాకా సుమారు 3,57,000 తయారుచేసి ఆపేశారు. తరువాత టెలివిజన్‌లో కౌబాయ్ ధారావాహికల జోరు చూసి 1956లో మళ్లీ మొదలుపెట్టారు. కొత్తవాటికి సీరియల్ నంబరు చివర ఎస్‌ఏ అనే రెండు అక్షరాలు చేర్చారు. సేకరించేవాళ్లు ప్రాణం పెట్టేది మొదటి తరం మీద. మోసాలు జరిగేదీ దాని మీదే.

చేతికి ఇవ్వగానే ఏం చేయాలి? సంఖ్య చూడాలి అంటారు అందరూ. కాదు. ఖాళీగా ఉందో లేదో చూడాలి. అమ్మేవాడు ఖాళీదే అన్నా చూడాలి, మీ సొంత అన్నయ్య అన్నా చూడాలి. కుడివైపు చిన్న తలుపు ఉంటుంది, దాన్ని తెరిచి, వెనుక ఉండే హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే సుత్తిని, సగం వెనక్కి లాగి, తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్‌ను ఒక్కో గది చొప్పున తిప్పుతూ ఆరు గదులూ కంటితో చూడాలి. ఆ తరువాత తలుపు మూసి హ్యామర్‌ను పూర్తిగా వెనక్కి లాగితే నాలుగు క్లిక్కులు వినిపిస్తాయి, వరుసగా నాలుగు. మూడే వినిపిస్తే లోపల ఒక గాటు అరిగిందనో విరిగిందనో అర్థం. వినిపించీ వినిపించకుండా ఉంటే ఎవరో లోపలి భాగాన్ని ఆకురాయితో రాశారేమో చూడాలి. చూశాక హ్యామర్‌ను బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించండి. ఊరికే టకటకా కొట్టకండి. ఎదుటివాళ్ల వస్తువు అది.

ఇప్పుడు సంఖ్యలు. కోల్ట్ మీద సీరియల్ నంబరు పూర్తిగా మూడు చోట్ల ఉంటుంది. ఫ్రేము, అంటే మిగతా భాగాలన్నీ బిగించే మధ్య చట్రం అడుగున, దాని వెనకే ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు కమ్మీ, అంటే ట్రిగ్గర్ గార్డు మీద, పిడి వెనుక పట్టీ కింది అంచున. తిరగేసి పట్టుకుంటే మూడూ కనిపిస్తాయి. తొలినాళ్ల వాటిలో సిలిండర్ మీద, గొట్టం కింద కూడా సంఖ్య ఉంటుంది. గొట్టం మీది సంఖ్య కనిపించాలంటే పేలిన తూటాల ఖాళీ తొడుగులను బయటికి తోసే కడ్డీ గూటిని విప్పాలి. తలుపు లోపలి వైపున కూడా చిన్న సంఖ్య ఒకటి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు దాన్ని చూసి "సీరియల్ నంబరు కలవలేదు" అని కంగారు పడతారు. అది సీరియల్ నంబరు కాదు, ఫ్యాక్టరీలో కూర్చేటప్పుడు భాగాలు కలిసిపోకుండా వేసుకున్న గుర్తు.

మరి మూడు సంఖ్యలూ ఒకటే అయితే మంచిదే కదా? మూడూ మూడు రకాలుగా ఉంటే ముక్కలు ఏరి అతికించినదే కదా? ఆగండి. ఈ రెండో ఫోటో చూడండి.

ఇది అయిదున్నర అంగుళాల గొట్టం ఉన్న కోల్ట్. ఫ్రేము ఎడమవైపు యూఎస్ అని ముద్ర ఉంది, అంటే సైన్యానిది. ఫ్రేము మీద ఒక సంఖ్య, ట్రిగ్గర్ గార్డు మీద మరో సంఖ్య, పిడి పట్టీ మీద ఇంకొకటి. సిలిండర్ మీదున్నది ఈ మూడింటిలో దేనితోనూ కలవదు. ఇంతకంటే ముక్కల రివాల్వర్ ఉంటుందా? సంఖ్యలు కలవలేదని దీన్ని వద్దనుకున్నవాళ్లు ఉన్నారు. నిజానికి ఇది ఎలా ఉండాలో అలాగే ఉంది.

కథ ఏమిటంటే, సైన్యం మొదట కొన్న కోల్ట్‌లన్నీ అశ్వికదళం కోసం, ఏడున్నర అంగుళాల పొడవాటి గొట్టంతో. అంతా కలిపి సుమారు 37,000. 1892లో సైన్యం .38 క్యాలిబర్ (గొట్టం లోపలి రంధ్రం కొలత) కొత్త రివాల్వర్‌కు మారింది, పాత .45లు గోదాముకు చేరాయి. 1895లో వాటిలో కొన్నింటిని బయటికి తీసి, ఫిరంగి దళాల వంటివాటికి ఇవ్వడానికి గొట్టాన్ని అయిదున్నర అంగుళాలకు కుదించారు. తరువాత ఫిలిప్పీన్స్ యుద్ధం వచ్చింది. .38 దెబ్బ చాలడం లేదని సైనికుల ఫిర్యాదు. దాంతో పాత .45లు మరిన్ని బయటికి వచ్చాయి, వాటికీ అదే మరమ్మతు. ఇలా 1903 దాకా నడిచింది. కొంత పని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో జరిగింది, చాలా భాగం కోల్ట్ ఫ్యాక్టరీలోనే జరిగింది.

ఆ పని ఎలా చేశారో ఊహించండి. వందల రివాల్వర్లు ఒకేసారి విప్పారు. ఫ్రేములు ఒక చోట, సిలిండర్లు ఒక చోట, పట్టీలు మరో చోట గుట్ట పోశారు. అరిగినవి తీసేశారు, పనికొచ్చేవి శుభ్రం చేసి మెరుగు పెట్టారు. తిరిగి కూర్చేటప్పుడు చేతికి ఏది అందితే అది బిగించారు. సంఖ్యలు కలిపే ఓపిక ఎవరికుంటుంది? సైన్యానికి కావలసింది పేలే రివాల్వర్. వందేళ్ల తరువాత మీరూ నేనూ భూతద్దం పట్టుకుని కూర్చుంటామని వాళ్లు అనుకోలేదు కదా.

సేకరించేవాళ్లు వీటిని ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం మోడల్ అంటారు. సంఖ్యలు కలవకపోవడం వీటి లక్షణం. అన్నీ కలిసిన ఆర్టిలరీలు కూడా కొన్ని ఉన్నాయి, కానీ అరుదు. కాబట్టి అలాంటిది కనిపిస్తే ఎగిరి గంతేయకుండా రెండోసారి చూడాలి. నా మాట అర్థమైంది కదా? మార్చింది సైన్యం, 1895కూ 1903కూ మధ్య, ఫిరంగి దళం కోసం. మన ప్రశ్నలకు జవాబులన్నీ ఉన్నాయి. ఇక అది లోపం ఎలా అవుతుంది? అది ఆ రివాల్వర్ జీవితంలో ఒక అధ్యాయం.

జవాబులు ఉన్నాయని నాకెలా తెలిసింది? అమ్మినవాడు చెబితే కాదు. పిడి చెక్క ఎడమవైపు చూడండి, కొంచెం పెద్దది చేస్తాను. వంపు గీతల మధ్య ఆర్, ఏ, సీ. రినాల్డో ఏ. కార్. ఆ మరమ్మతులను తనిఖీ చేసి ఆమోదించిన ఇన్‌స్పెక్టర్ ఆయన. తరువాత గొట్టం పైభాగం. కోల్ట్ కంపెనీ చిరునామా ఒకే వరుసలో ఉంది. పొడవాటి గొట్టం మీద అది మధ్యలో పడేలా వేశారు. ముందు నుంచి రెండు అంగుళాలు కోసేస్తే ఏమవుతుంది? చిరునామా ఉన్నచోటే ఉంటుంది, గొట్టం మూతి దగ్గరికి వస్తుంది. చూడండి, ఇక్కడ అలాగే ఉంది. గురి చూసే పలకను కూడా తీసి, కొత్త మూతి దగ్గర మళ్లీ అతికించారు. ఇదే అయిదున్నర అంగుళాల గొట్టం మీద చిరునామా సరిగ్గా నడిమధ్య ఉందనుకోండి? అప్పుడది కోసిన గొట్టం కాదు, మొదటి నుంచే పొట్టి గొట్టం, ఎవరో తెచ్చి బిగించారు. సైన్యం కథ అక్కడితో కూలిపోతుంది.

ఇప్పుడు దీనికి ఎదురుగా మూడో ఫోటో. ఏడున్నర అంగుళాల గొట్టం, యూఎస్ ముద్ర, మూడు సంఖ్యలూ ఒకటే. చూడగానే గుండె జల్లుమంటుంది. మార్పులు లేని అశ్వికదళం కోల్ట్ అంటే ధర చాలా ఎక్కువ. అందులోనూ తొలి సంవత్సరాలది, ఆర్విల్ ఎయిన్స్‌వర్త్ అనే ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేసినదైతే మరీను. కారణం తెలుసు కదా? 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర అమెరికా మూలవాసులైన లకోటా, షయాన్ యోధుల చేతిలో కస్టర్ అనే సైనికాధికారితో పాటు ఏడో అశ్వికదళంలో అతని వెంట ఉన్న దళం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. వాళ్ల దగ్గర ఉన్నవి ఇవే రివాల్వర్లు. ఆ యుద్ధంలో ఉన్నదని తేలితే ఇక దాని ధరకు హద్దు ఉండదు. అంత డబ్బు ఉన్నచోట ఏం జరుగుతుందో మన రియల్ ఎస్టేట్ చూసినవాళ్లకు నేను చెప్పాలా?

జరిగేది ఇది. ఒక ఆర్టిలరీని తీసుకుంటారు. పొట్టి గొట్టం తీసి పొడవుది బిగిస్తారు. కలవని పాత సంఖ్యలను అరగదీసి, ఫ్రేము సంఖ్యనే మిగతా భాగాల మీద కొడతారు. మామూలు కంటికి అతికినట్టు ఉంటుంది. మరి ఎలా పట్టుకోవాలి?

వెలుగుతో పట్టుకోవాలి. గదిలో దీపాలు ఆర్పి, ఒక చిన్న టార్చిలైటును లోహానికి దాదాపు సమాంతరంగా పెట్టి చూడండి. పాత సంఖ్యను రాసినచోట లోహం కొంచెం లోపలికి దిగి ఉంటుంది. నిటారుగా వెలుగు పడితే కనిపించదు, పక్క నుంచి పడితే చిన్న పల్లంలా నీడ పడుతుంది. ఫ్రేముకూ ట్రిగ్గర్ గార్డుకూ మధ్య అతుకు దగ్గర వేలి గోరు అడ్డంగా జరపండి. మామూలుగా రెండూ ఒకే మట్టంలో ఉంటాయి, ఎందుకంటే ఫ్యాక్టరీలో రెండింటినీ కలిపి బిగించే మెరుగు పెట్టారు. ఒకదాన్ని తరువాత రాస్తే గోరు అక్కడ తట్టుకుంటుంది. ఇక అంకెలు. కోల్ట్ కార్మికుడు ఒక్కో అంకెనూ సుత్తితో విడిగా కొట్టేవాడు. అందుకని అంకెలు కాస్త ఎగుడుదిగుడుగా, ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉంటాయి. గీత గీసినట్టు తిన్నగా ఉన్న అంకెలను నేను మెచ్చుకోను, అనుమానిస్తాను. మరో సంగతి. ముద్ర పడినప్పుడు లోహం పక్కలకు కాస్త ఉబుకుతుంది. నూరేళ్లు ఒరలో రాసుకుంటే ఆ ఉబ్బు అరిగిపోతుంది. ఉబ్బు పదునుగా ఉండి చుట్టూ లోహం మాత్రం అరిగి ఉంటే, అరిగిన తరువాత ముద్ర వేశారన్నమాట. ముందు ముద్ర, తరువాత అరుగుదల. ఈ క్రమం తిరగబడితే పట్టుబడినట్టే.

ఇన్‌స్పెక్టర్ల అక్షరాలు కూడా సాక్ష్యం చెబుతాయి. ఎయిన్స్‌వర్త్ కాలం నాటి ఫ్రేము మీద, సిలిండర్ మీద, గొట్టం మీద ఆయన పేరులోని "ఏ" (A) అనే ఇంగ్లీషు అక్షరం చిన్నదిగా ఉండాలి. ఫ్రేము మీద ఒకరి అక్షరం, సిలిండర్ మీద పదేళ్ల తరువాత వచ్చినవాడి అక్షరం ఉంటే, సంఖ్యలు ఎంత చక్కగా కలిసినా ఆ రెండూ ఒకే రోజు ఒక బల్ల మీద పుట్టలేదు.

సైన్యం సంగతి పక్కన పెడితే, మామూలు జనం కొన్నవాటిలో మార్పులకు వేరే కారణాలు. స్ప్రింగులు విరుగుతాయి, సిలిండర్‌ను తిప్పే కొక్కెం అరుగుతుంది. ఇవి మారితే ధర మీద పెద్ద ప్రభావం ఏమీ ఉండదు. ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోకూడదు కూడా. గొట్టం, సిలిండర్ మారితే మాత్రం ధర మారుతుంది. 1950ల్లో ఏమైందంటే, కోల్ట్ అప్పటికే వీటి తయారీ ఆపేసి ఉంది, టెలివిజన్ పుణ్యమా అని గిరాకీ పెరిగింది. ఊరూరా తుపాకి మరమ్మతులవాళ్లు పాత కోల్ట్‌లను తీసుకుని, కొత్త గొట్టాలు, కొత్త సిలిండర్లు వేసి, దొరికే తూటాలకు సరిపోయేలా క్యాలిబర్ మార్చి, తళతళలాడే నికెల్ పూత పూసి అమ్మారు. వాళ్లు మోసగాళ్లు కారు. ఆ రోజుల్లో అవి పురావస్తువులు కావు, వాడుకునే వస్తువులు. కానీ ఈనాడు మన ముందుకు వచ్చేసరికి అవి చిక్కుముడులు.

ఆ ముడి విప్పడానికి చిన్న చిన్న ఆధారాలు చాలానే ఉన్నాయి. సిలిండర్ ఇరుసు కడ్డీని పట్టి ఉంచే ఏర్పాటు చూడండి. తొలి ఫ్రేముల్లో అది ముందువైపు నుంచి వాలుగా బిగించిన స్క్రూ. 1890ల మధ్యకు వచ్చేసరికి దాని బదులు అడ్డంగా నొక్కే స్ప్రింగు మీట వచ్చింది. పాత స్క్రూ ఉన్న ఫ్రేములను సేకరించేవాళ్లు నల్లమందు ఫ్రేములంటారు. నవ్వకండి, అభిని కాదు, పాతకాలపు నల్లటి తుపాకిమందు. పొగరాని కొత్త మందుకు కోల్ట్ కంపెనీ హామీ ఇచ్చింది 1900 నుంచే. ఆ తరువాత కొన్నేళ్లకు ట్రిగ్గర్ గార్డు మీద త్రికోణంలో వీపీ అనే పరీక్ష ముద్ర వేయడం మొదలైంది. ఇప్పుడు చెప్పండి, 1880ల నాటి ఫ్రేముకు వీపీ ముద్ర ఉన్న గార్డు కనిపిస్తే ఏమిటి అర్థం? ఎవరో గార్డు మార్చి ఉండవచ్చు. లేదా రివాల్వర్ తిరిగి ఫ్యాక్టరీకి వెళ్లి మరమ్మతై వచ్చి ఉండవచ్చు. రెండింటికీ ధరలో తేడా ఉంది. ఏదో తేల్చకుండా ధర చెప్పడం తొందరపాటు.

అలాగే క్యాలిబర్. మొదట్లో జనానికి అమ్మిన వాటిలో క్యాలిబర్‌ను ట్రిగ్గర్ గార్డు మీద వేసేవారు, తరువాత గొట్టం మీదికి మార్చారు. గార్డు మీద ఒకటి, గొట్టం మీద ఇంకొకటి ఉంటే దాచడానికి ఏమీ లేదు, గొట్టం మారింది. .44-40 తూటాకు చేసిన గొట్టం మీద కోల్ట్ ఫ్రంటియర్ సిక్స్ షూటర్ అని ఉంటుంది. దానికి .45 సిలిండర్ తగిలించి ఉంటే అది ధరకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. లావు గుండు సన్న గొట్టంలోకి దూరాలి. అలాంటిదాన్ని ఎవరూ పేల్చకూడదు. మరో చిన్న గుర్తు, ఇటలీలో చేసిన నకళ్ల భాగాలు కోల్ట్‌లలో సులువుగా పడతాయి. సిలిండర్ మీదో గొట్టం మీదో ఇటలీ పరీక్షా కేంద్రం ముద్ర ఉంటే పందొమ్మిదో శతాబ్దం ముచ్చట మరిచిపోండి. ఆ ముద్రను గీకేసిన మచ్చ ఉంటే ఇంకా మరిచిపోండి.

మెరుగు గురించి నాణేల వాళ్లకు చెప్పనక్కరలేదు. మిగతావాళ్లకు చెబుతాను, తోమకండి. కోల్ట్ ఫ్రేము మీద నీలం, గోధుమ, బూడిద రంగులు కలగలిసి మబ్బుల్లా కనిపించే ఛాయ ఉండేది. ఎముకల బొగ్గులో కాల్చి నీటిలో ముంచడం వల్ల వచ్చేది. నూరేళ్లకు అది వెలిసి బూడిద రంగుకు తిరుగుతుంది, సందుల్లో మాత్రం మిగులుతుంది. ఫ్రేము బయట నిగనిగలాడుతూ సందుల్లో మొద్దుబారి ఉంటే అది తిరగబడిన క్రమం, మళ్లీ పూసిందే. మళ్లీ పూసే ముందు లోహాన్ని సాన పట్టాలి. సాన పడితే పేటెంటు తేదీల అక్షరాలు పలచబడతాయి, ఫ్రేము అంచులు గుండ్రమవుతాయి. అన్నిటికంటే ముందు స్క్రూ రంధ్రాల చుట్టూ చూడండి. సాన పట్టే గుడ్డచక్రం అక్కడ పళ్లెంలా గుంట చేస్తుంది. స్క్రూ తల మట్టంగా కూర్చోవలసిన చోట గుంటలో కూర్చున్నట్టు ఉంటుంది. ఇది దాచడం కష్టం. స్క్రూ తల మీది గాడులు కూడా చూడండి. నలిగి, చీలి ఉంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా పదేపదే విప్పారు. ఎందుకు విప్పారు? మళ్లీ మన ప్రశ్న దగ్గరికే వచ్చాం.

పిడి విప్పే అవకాశం ఇస్తే వదులుకోకండి. తొలి కోల్ట్‌లలో వాల్‌నట్ చెక్కతో చేసిన ఏకపిడి. దాని లోపలి గాడిలో సిరాతోనో పెన్సిలుతోనో సంఖ్య రాసేవారు. 1880ల నుంచి గట్టి రబ్బరు పిడులు వచ్చాయి, వాటి లోపల సంఖ్య గీరి ఉంటుంది. ఫ్రేము సంఖ్యతో అది కలిస్తే సంతోషమే. దాన్ని దిద్ది మోసం చేసేవాళ్లు తక్కువ, ఎందుకంటే అక్కడ చూసేవాళ్లే తక్కువ.

ఇక ఫ్యాక్టరీ ఉత్తరం. కోల్ట్ కంపెనీ పాత రికార్డులు భద్రంగా ఉంచింది. సంఖ్య పంపి రుసుము కడితే, ఆ రివాల్వర్ ఏ క్యాలిబర్‌లో, ఎంత గొట్టంతో, ఏ పూతతో, ఏ తేదీన, ఎవరికి వెళ్లిందో రాసి పంపుతారు. చాలామంది ఆ ఉత్తరాన్ని చూసి కళ్లు మూసుకుని కొనేస్తారు. మనం భూమి కొనేటప్పుడు మొదటి పట్టా ఒక్కటే చూసి ఊరుకుంటామా? లింకు డాక్యుమెంట్లన్నీ అడుగుతాం, ఈసీ తీస్తాం. ఈ ఉత్తరం మొదటి పట్టా వంటిది. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో చెబుతుంది. తరువాత ఏమైందో దానికి తెలియదు. ఆర్టిలరీకి ఉత్తరం తెప్పిస్తే ఏడున్నర అంగుళాల గొట్టం అనే వస్తుంది, అయిదున్నర అని రాదు. అది తప్పు కాదు. పైగా ఉత్తరం చెప్పేది ఫ్రేము సంఖ్య గురించే. గార్డుదీ పట్టీదీ వేరే రివాల్వర్ల కథలు. ఇంకో చిక్కు, ఉత్తరం ఆ సంఖ్య గల రివాల్వర్‌ది, మీ చేతిలో ఉన్నది అదే అని కంపెనీ ఎక్కడా అనదు. ఆ పని మీదే.

అమెరికాను కాస్త పక్కన పెట్టి మన దేశానికి దగ్గరగా ఉన్నవాటికి వద్దాం. బ్రిటిష్ సైన్యంతో పాటు ఈ దేశంలో తిరిగినవి వెబ్లీ, ఎన్‌ఫీల్డ్ రివాల్వర్లు. ఇక్కడ కూడా కథ అదే. ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 మార్క్ 1 ను 1932లో తీసుకున్నారు. హ్యామర్‌కు వేలితో లాగే కొమ్ము ఉండేది. ట్యాంకుల్లో కూర్చునేవాళ్లకు అది ఎక్కడపడితే అక్కడ తట్టుకుంటోందని 1938లో కొమ్ము లేని రకం తెచ్చారు, పేరు పక్కన ఒక నక్షత్రం చేర్చారు. తరువాత పాతవి మరమ్మతుకు వచ్చినప్పుడల్లా వాటి హ్యామర్ కూడా మార్చేశారు. ఫలితం ఏమిటి? మార్చనిదే అరుదైపోయింది. అందుకని ఇప్పుడు కొందరు కొమ్ము ఉన్న హ్యామర్ తెచ్చి తిరిగి బిగించి, మొదటి నుంచీ ఇలాగే ఉందంటారు. సైన్యం మార్చింది నిజమైన చరిత్ర, నిన్న వెనక్కి మార్చింది అబద్ధం. చూడటానికి మాత్రం రెండోదే ఒరిజినల్‌లా ఉంటుంది!

వెబ్లీ మార్క్ 6 కథ వేరు. 1915లో వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధంలో వాడారు, .455 క్యాలిబర్. ఇవి మిగులు సరుకుగా అమెరికా చేరాక అక్కడ .455 తూటాలు దొరకలేదు. .45 ఆటోమేటిక్ తూటాలు కుప్పలు. అందుకని సిలిండర్ వెనుక ముఖాన్ని లేతు మీద చెక్కి, ఆ తూటాలు క్లిప్పుతో పట్టేలా చేశారు. వేలకొద్దీ రివాల్వర్లకు చేశారు. సేకరించేవాడికి ఇది పెద్ద దెబ్బ, చెక్కిన లోహం తిరిగి రాదు. అంతకంటే పెద్ద సంగతి, ఆ పూర్తి బలం తూటా ఒత్తిడి వెబ్లీని పరీక్షించిన ఒత్తిడికి మించినది. పట్టడం వేరు, తట్టుకోవడం వేరు. రెండో యుద్ధపు స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ రివాల్వర్లకూ ఇలాంటి గతే పట్టింది, గొట్టాలు కోసి గదులు తొలిచారు. అయితే ఆ కంపెనీ వాళ్లలో నాకు నచ్చే అలవాటు ఒకటుంది. తమ ఫ్యాక్టరీకి తిరిగి వచ్చి మరమ్మతైన వాటికి పిడి అడుగున సంఖ్య పక్కన చిన్న నక్షత్రం కొట్టేవారు, పిడి చెక్క కింద తేదీ కూడా వేసేవారు. మార్చింది ఎవరు, ఎప్పుడు అన్నది వాళ్లే రాసిపెట్టారు. అందరూ అలా చేసి ఉంటే నాకు ఈ ప్రసంగం పని తప్పేది.

మరి ధర ఎలా కట్టాలి? అంకెలు చెప్పను, మార్కెట్ ఏడాదికేడాది మారుతుంది. వరుస మాత్రం చెబుతాను. మార్పులు లేనిది పైన ఉంటుంది, అది అందరికీ తెలిసిందే. దాని కింద, సైన్యమో ఫ్యాక్టరీయో మార్చినవి, ఆధారంతో సహా. వీటికి సొంత అభిమానులు ఉన్నారు, వీటిని ఒరిజినల్‌లో సగం అని చూడటం తెలియనితనం. తరువాత ఆ కాలపు యజమాని వాడకం కోసం మార్చుకున్నవి. ఆ తరువాత 1950ల మరమ్మతులు, వీటి ధర దాదాపు భాగాల ధరే. అన్నిటికంటే అడుగున, ముద్రలు దిద్దినవి. కలవని సంఖ్యలున్న నిజమైన ఆర్టిలరీ ఎప్పుడూ ధర పలుకుతుంది. అదే రివాల్వర్ సంఖ్యలు రాసేసి అశ్వికదళం వేషం వేస్తే, రెండూ కాకుండా పోతుంది. చెరిపేసిన పాత సంఖ్యను ఎవరూ తిరిగి తేలేరు.

చట్టం సంగతి చెబుతానన్నాను. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. .38, .455 వంటి సైనిక క్యాలిబర్లు మరీ కట్టుదిట్టమైన తరగతిలో ఉన్నాయి. తుపాకీ మీది సంఖ్యనో ముద్రనో చెరపడం, దిద్దడం ఎనిమిదో సెక్షన్ కింద నేరం. మరమ్మతు చేయడానికి కూడా లైసెన్సు ఉన్నవాడే చేయాలి. "తాతగారిది, వందేళ్లది, పురావస్తువు కదా" అంటారు చాలామంది. నలభై అయిదో సెక్షన్‌లో పాత నమూనాలకు, పురావస్తు విలువ ఉన్నవాటికి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరానిదై ఉండాలి అన్నది షరతు. అది మీరు తేల్చుకునే విషయం కాదు. ఇంట్లో పెట్టె అడుగున దొరికితే దాచకండి, తుడవకండి, విప్పకండి. లాయరుతో మాట్లాడి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో జమ చేయండి, అందుకు చట్టంలోనే దారి ఉంది. చూడాలన్న సరదా ఉంటే మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది, అద్దం అవతల నుంచి చూడండి.

ఇక్కడ ఒక చీటీ వచ్చింది. "తప్పు భాగం ఉందని తెలిస్తే, సరైన పాత భాగం కొని వేయవచ్చా?" మంచి ప్రశ్న అడిగారు. అమెరికాలో ఇది రోజూ జరిగేదే. 1950ల గొట్టం తీసి, ఆ కాలపు గొట్టం వేస్తారు. వేయవచ్చు, నేను కాదనను. రెండు షరతులు. ముద్రలూ సంఖ్యలూ ముట్టుకోవద్దు. తీసిన భాగాన్ని పారేయవద్దు. దాన్ని నూనె గుడ్డలో చుట్టి సంచిలో పెట్టి, ఏది తీశారు, ఏది వేశారు, ఏ తేదీన, ఎందుకు అన్నది ఒక కాగితం మీద రాసి అందులోనే ఉంచండి. రివాల్వర్ అమ్మేటప్పుడు ఆ సంచి కూడా ఇవ్వండి. ఇంకో చీటీ ఉన్నట్టుంది, ఇటు ఇవ్వండి.